ప్రాజెక్టు డైరీ: డెబియన్ 12 పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పనిచేయించడం

పరిస్థితి ఇది: డెబియన్ అనే లినక్స్ ఎక్కింది, స్క్రీన్, సౌండు, టచ్‌ప్యాడ్ అన్నీ బానే ఉన్నాయి, వైఫై ఒక్కటే లేదు. ఆఫ్‌లో ఉండటం కాదు, నెట్‌వర్క్ మెనూలో అసలు వైఫై అనే లైనే లేదు. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. లైన్ ఉండి ఆఫ్‌లో ఉంటే స్విచ్ సమస్య, లైనే లేకపోతే డ్రైవర్ సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. లినక్స్‌కి కొత్తవాళ్లు ఎవరైనా ఇదే కార్డుతో తంటాలు పడుతుంటే ఈ డైరీ వరసగా చూసి చేసుకోవచ్చు, కార్డు వేరే అయినా దశ 1, 2, 5, 7 పనికొస్తాయి.

కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులో రాశా, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండో) మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టాలి (నెట్‌వర్క్‌మేనేజర్ పేరులో ఎన్, ఎం, దశ 5లో మోడ్‌ఇన్ఫో పక్కన -ఎఫ్ మాత్రం పెద్దక్షరాలు), చిన్న గీత ఉన్నచోట గీత కూడా ఉండాలి.

దశ 0: సామాను

- ల్యాప్‌టాప్: దాదాపు పదేళ్ల నాటిది, యూఈఎఫ్ఐ (బయాస్ కొత్త రూపం), సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది (దశ 5 మొత్తం దీని గోలే)
- డెబియన్ 12, 12.2 ఐఎస్ఓ నుంచి నెట్ లేకుండా ఇన్‌స్టాల్ చేసింది, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) 6.1.0-13
- ఆండ్రాయిడ్ ఫోన్, డేటా వెళ్లే కేబుల్. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు, వాటితో టెదరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) రాదు
- కాగితం, పెన్ను. రీబూట్ అయ్యాక స్క్రీన్ మీద ఉన్నది పోతుంది కాబట్టి ఎర్రర్లు రాసుకోవాల్సిందే

వైఫై డ్రైవర్ దించుకోడానికి నెట్ కావాలి, నెట్ రావాలంటే వైఫై కావాలి, ఈ ముడి విప్పేది ఫోనే. కేబుల్ గుచ్చి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్‌కి అది వైర్డ్ నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది, దీనికి విడిగా డ్రైవర్ ఏమీ వేయక్కర్లేదు. ఐపీ లింక్ కొడితే ఈఎన్ఎక్స్ అని మొదలయ్యే పొడుగాటి పేరొకటి కొత్తగా వస్తుంది, వచ్చిందంటే నెట్ వచ్చినట్టే. ఫోన్‌కి మొబైల్ డేటా లేకపోయినా పర్లేదు, ఫోన్‌ని ఇంటి వైఫైకి కలిపి టెదరింగ్ పెట్టినా నెట్ వచ్చేస్తుంది, నేను ఎక్కువసేపు అలాగే వాడా.

ఇంకోటి. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ పెట్టుకుంటే మన యూజర్‌కి సుడో (ఆ అధికారంతో కమాండ్ నడిపే దారి) రాదు. అప్పుడు ఎస్‌యూ కొట్టి రూట్ అవ్వాలి, కానీ ఉత్త ఎస్‌యూ కొడితే మోడ్‌ప్రోబ్, ఆర్‌ఎఫ్‌కిల్, ఐడబ్ల్యూ లాంటివన్నీ "కమాండ్ నాట్ ఫౌండ్" అంటాయి. అవి ఇన్‌స్టాల్ కాలేదని అనుకుంటాం గానీ అవి ఉండే ఎస్‌బిన్ ఫోల్డర్ మన పాత్‌లో (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితాలో) లేదంతే. "ఎస్‌యూ -" అని చివర గీతతో కొట్టండి, సరిపోతుంది.

దశ 1: అసలు కార్డు ఏది

ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతకొద్దు. ఒకే మోడల్లో ఒక బ్యాచ్‌కి ఒక కార్డు, ఇంకో బ్యాచ్‌కి ఇంకో కార్డు వేస్తారు, కాబట్టి ఆ పేరుతో దొరికిన సలహా మీ మెషీన్‌కి వర్తిస్తుందన్న గ్యారంటీ లేదు. నమ్మాల్సింది కార్డు నంబర్‌నే.

1. ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే కొట్టండి
2. అందులో "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్న లైన్ పట్టుకోండి (ఈథర్‌నెట్ కంట్రోలర్ వేరు, అది కేబుల్‌ది)
3. లైన్ చివర బ్రాకెట్లో కోలన్‌తో ఉన్న రెండు ముక్కల నంబర్ రాసుకోండి
4. దాని కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే లైన్ ఉందా లేదా, ఉంటే ఏముంది అన్నది కూడా రాసుకోండి

నాకు వచ్చింది: బ్రాడ్‌కామ్ బీసీఎం43142, 802.11 బీ/జీ/ఎన్, నంబర్ 14ఈ4:4365. డ్రైవర్ ఇన్ యూజ్: బీసీఎంఏ-పీసీఐ-బ్రిడ్జ్.

ఈ చివరిదాన్ని చూస్తే డ్రైవర్ ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి బీసీఎంఏ అనేది వైఫై డ్రైవర్ కాదు, చిప్ లోపల ఉన్న భాగాలను గుర్తుపట్టి వాటికి తగ్గ డ్రైవర్‌కి అప్పగించే వంతెన లాంటిది, పేరులోనే బ్రిడ్జ్ అని ఉంది. అప్పగించుకునే డ్రైవర్ అవతల లేకపోతే అది ఊరికే కార్డుని పట్టుకుని కూర్చుంటుంది. ఐపీ లింక్ కొడితే డబ్ల్యూఎల్ అని మొదలయ్యే ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డుకి సిస్టమ్ పెట్టే పేరు) ఏదీ లేకపోవడమే దానికి రుజువు.

నంబర్ వేరే వస్తే దారి కూడా వేరే, నాకు కచ్చితంగా తెలిసినవి కొన్ని (ఫర్మ్‌వేర్ అంటే కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్):

- 14ఈ4:4727 (బీసీఎం4313): కెర్నెల్‌తో వచ్చే బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్ డ్రైవర్, ఫర్మ్‌వేర్-బీఆర్‌సీఎం80211 ప్యాకేజీ
- 14ఈ4:4315 (బీసీఎం4312): బీ43 డ్రైవర్, దానికి ఎల్‌పీ-ఫై ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ
- 8086 తో మొదలైతే ఇంటెల్, ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్ కెర్నెల్లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై ప్యాకేజీ వేస్తే చాలా కార్డులకి పని అయిపోతుంది
- ఏథ్9కే డ్రైవర్‌తో నడిచే పీసీఐ కార్డులకి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలే అక్కర్లేదు

ఇప్పటికి లెక్క: సమయం అరగంట లోపే. డౌన్‌లోడ్ సున్నా. వైఫై లేదు, కానీ దేనికోసం వెతకాలో తెలిసింది.

దశ 2: స్విచ్ సంగతి

డ్రైవర్ జోలికి వెళ్లే ముందు దీన్ని తేల్చేయాలి, లేకపోతే తర్వాత డ్రైవర్ ఎక్కాక కూడా నెట్‌వర్కులు కనపడక డ్రైవర్నే అనుమానిస్తూ ఉంటాం. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టా. ల్యాప్‌టాప్ కీల డ్రైవర్ పేరుతో ఒక వైఫై లైన్ వచ్చింది, సాఫ్ట్ బ్లాక్డ్: నో, హార్డ్ బ్లాక్డ్: యెస్.

సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్ ఆపింది, ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ కొడితే పోతుంది. హార్డ్ బ్లాక్ అంటే మెషీన్ మీదున్న స్విచ్ గానీ, కీ గానీ ఆపింది, దాన్ని ఏ కమాండూ తీయలేదు. నా మెషీన్లో పక్కన స్విచ్ లేదు, ఫంక్షన్ కీ పట్టుకుని ఏరోప్లేన్ బొమ్మ ఉన్న కీ నొక్కితే నో అయింది. కీ మీద లైటు నారింజ నుంచి తెలుపుకి మారింది, అది తప్ప బయటికి వేరే గుర్తేమీ లేదు. కొన్ని మెషీన్లలో బయాస్‌లో కూడా వైర్‌లెస్ ఆన్/ఆఫ్ ఉంటుంది, కీ పనిచేయకపోతే అక్కడ చూడాలి.

రెండూ నో అయ్యాక కూడా మెనూలో వైఫై రాలేదు. రాదు కూడా, ఇంకా డ్రైవరే లేదు కదా.

దశ 3: బీ43 దారి, ఎందుకు మూసుకుపోయింది

బ్రాడ్‌కామ్ అని వెతగ్గానే ముందు దొరికే సలహా బీ43 ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్. అది వేసి చూశా, బాగానే దిగింది, ఎక్కడా ఎర్రర్ లేదు, మోడ్‌ప్రోబ్ (డ్రైవర్ మాడ్యూల్‌ని కెర్నెల్‌లోకి ఎక్కించే కమాండ్) బీ43 కొడితే అదీ కిక్కురుమనకుండా లోడ్ అయింది. ఎల్ఎస్‌మోడ్‌లో కూడా కనబడుతోంది. ఇంటర్‌ఫేస్ మాత్రం రాలేదు.

కొత్తవాళ్లు ఇక్కడే చాలాసేపు ఇరుక్కుంటారు, ఎందుకంటే మాడ్యూల్ లోడ్ అవడం ఒకటి, ఆ మాడ్యూల్ మన కార్డుని తీసుకోవడం ఇంకోటి. మోడ్‌ప్రోబ్ మొదటిదాన్నే చెప్తుంది. రెండోది తెలియాలంటే మళ్లీ ఎల్ఎస్‌పీసీఐ కొట్టి డ్రైవర్ ఇన్ యూజ్ లైన్ మారిందో లేదో చూడాలి. నాకు మారలేదు. బీ43 అనేది పాత చిప్‌ల కోసం రివర్స్ ఇంజినీరింగ్ చేసి రాసిన ఓపెన్ డ్రైవర్, దాని జాబితాలో 43142 లేదు. బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్‌లో కూడా లేదు. ఈ చిప్‌కి మిగిలింది డబ్ల్యూఎల్ అనే డ్రైవర్ ఒక్కటే, అది సగం మూసిన బైనరీ, సగం మన కెర్నెల్‌కి తగ్గట్టు మన మెషీన్ మీదే కంపైల్ చేసుకునే కోడ్.

వెనక్కి తీసిన మార్పులు:

1. మోడ్‌ప్రోబ్ -ఆర్ బీ43
2. ఆప్ట్ పర్జ్ ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్

పనికిరాని ప్రయోగాన్ని అలాగే వదిలేసి తర్వాతి దానికి వెళ్తే చివర్లో ఏది పనిచేసిందో, ఏది అడ్డం పడుతోందో తెలీదు, అందుకే ఈ డైరీలో ఫెయిలైన ప్రతిదాని కిందా వెనక్కి తీసే స్టెప్పు కూడా రాశా.

ఇప్పటికి లెక్క: సమయం గంటన్నర పైన. డౌన్‌లోడ్ కొద్దిగా. వైఫై లేదు.

దశ 4: అసలు ప్యాకేజీ, హెడర్ల తిరకాసు

కావాల్సిన ప్యాకేజీ పేరు బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ (డీకేఎంఎస్ అంటే డ్రైవర్ కోడ్‌ని ప్రతి కెర్నెల్‌కీ మన మెషీన్ మీదే కంపైల్ చేసే ఏర్పాటు). ఆప్ట్ ఇన్‌స్టాల్ కొడితే "అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్" అంది.

డెబియన్ 12 నుంచి (2023 జూన్‌లో వచ్చింది) నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని కొత్త విభాగం పెట్టారు, ఇన్‌స్టాలర్ దాన్ని తనంతట తనే సోర్సుల్లో చేర్చేస్తుంది. దాంతో నాన్-ఫ్రీ ఉందిలే అనుకుంటాం. కానీ మనకి కావాల్సింది ఫర్మ్‌వేర్ కాదు, డ్రైవర్, అది పాత నాన్-ఫ్రీ విభాగంలోనే ఉంది. రెండూ వేరువేరు, రెండూ రాయాలి.

1. /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్ ఫైల్ తెరవండి
2. బుక్‌వార్మ్ (డెబియన్ 12 మారుపేరు) అని ఉన్న లైన్లలో చివర మెయిన్ కాంట్రిబ్ నాన్-ఫ్రీ నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని నాలుగూ ఉండేలా చేయండి
3. సీడీరామ్ అని మొదలయ్యే లైన్ ఉంటే ముందు హ్యాష్ పెట్టి ఆపేయండి, లేకపోతే డిస్క్ పెట్టమని అడుగుతూనే ఉంటుంది
4. ఆప్ట్ అప్‌డేట్

తర్వాత లినక్స్-హెడర్స్-ఏఎండీ64 (కెర్నెల్‌కి తగ్గట్టు డ్రైవర్ కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు, వీటినే హెడర్లు అంటారు), బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ రెండూ కలిపి వేశా, కంపైలర్ కూడా దానంతట అదే దిగింది, అన్నీ కలిపి నూరు ఎంబీ దాటింది. చివర్లో వచ్చిన మెసేజ్ సారాంశం: ఈ కెర్నెల్ హెడర్లు కనబడట్లేదు కాబట్టి బిల్డ్ చేయకుండా వదిలేశా. హెడర్లు ఇప్పుడే కదా వేశాం!

యూనేమ్ -ఆర్ కొట్టి చూస్తే నడుస్తున్న కెర్నెల్ 6.1.0-13. దిగిన హెడర్లు 6.1.0-18 వి. లినక్స్-హెడర్స్-ఏఎండీ64 అనేది ఎప్పుడూ రిపోలో (డెబియన్ ప్యాకేజీల నిల్వలో) ఉన్న తాజా కెర్నెల్ హెడర్లనే తెస్తుంది, మనం నడుపుతున్నదేదో అది పట్టించుకోదు. నేను నెట్ లేకుండా ఇన్‌స్టాల్ చేశాను కాబట్టి కెర్నెల్ పాతదే ఉండిపోయింది. పాత 13 హెడర్లు విడిగా తెద్దామంటే అవి అప్పటికే రిపోలో లేవు. కాబట్టి హెడర్లని వెనక్కి లాగడం కాదు, కెర్నెల్నే ముందుకి తీసుకెళ్లాలి.

1. ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్ (లినక్స్-ఇమేజ్-ఏఎండీ64 కొత్తది వస్తుందో లేదో లిస్టులో చూసుకుని ఎంటర్ కొట్టండి)
2. రీబూట్
3. యూనేమ్ -ఆర్ కొట్టి దిగిన హెడర్ల నంబరే (నాకు 6.1.0-18) వచ్చిందో లేదో చూడండి
4. డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్
5. డీకేఎంఎస్ స్టేటస్: బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ 6.30.223.271, పక్కన కెర్నెల్ నంబర్, ఇన్‌స్టాల్డ్ అని ఉండాలి

అయిదో స్టెప్పులో "యాడెడ్" అని మాత్రమే ఉంటే కోడ్ వచ్చింది గానీ కంపైల్ కాలేదని అర్థం. అప్పుడు /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ ఫోల్డర్లో మేక్.లాగ్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని కిందనుంచి పైకి చదవాలి, మొదటి ఎర్రర్ దొరికేదాకా. ఆఖరి లైన్లో ఉండే "ఎర్రర్ 2" వల్ల ఏమీ తెలీదు.

ఇప్పటికి లెక్క: సమయం మూడు గంటలు దాటింది, అందులో ఎక్కువ భాగం అప్‌గ్రేడ్ దిగడానికే. డౌన్‌లోడ్ అర జీబీ పైనే. వైఫై లేదు.

దశ 5: కీ వెనక్కి కొట్టింది

మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ కొడితే: "కుడ్ నాట్ ఇన్సర్ట్ డబ్ల్యూఎల్: కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్".

ఈ కీ వైఫై పాస్‌వర్డ్ కాదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు కెర్నెల్ తనకి తెలిసిన సంతకం ఉన్న మాడ్యూల్నే లోపలికి రానిస్తుంది. డబ్ల్యూఎల్‌ని కంపైల్ చేసింది మన మెషీనే, డీకేఎంఎస్ దానికి సంతకం కూడా చేసింది, కానీ ఆ సంతకం ఎవరిదో ఫర్మ్‌వేర్‌కి తెలీదు. మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్ కొడితే "సెక్యూర్‌బూట్ ఎనేబుల్డ్" అని వచ్చింది, అనుమానం ఖాయమైంది.

రెండు దారులున్నాయి. బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం ఒకటి, ఎక్కువమంది చెప్పేది అదే, పని కూడా అవుతుంది. రెండోది మన కీని (దీన్నే మోక్ అంటారు) మెషీన్‌కి పరిచయం చేయడం. నేను రెండోది ఎంచుకున్నా, ఎందుకంటే ఒకసారి చేస్తే ఆ తర్వాత వచ్చే కెర్నెల్స్‌కి కూడా డీకేఎంఎస్ అదే కీతో సంతకం చేసుకుంటుంది, ఒక చిన్న డ్రైవర్ కోసం మొత్తం తాళం తీసేయడం నాకు నచ్చలేదు.

1. మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/డీకేఎంఎస్/మోక్.పబ్
2. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, రెండుసార్లు ఇవ్వండి. ఇది ఒక్కసారి వాడి పారేసేది. చిన్నక్షరాలే పెట్టండి, తర్వాత వచ్చే స్క్రీన్‌కి యూఎస్ కీబోర్డ్ లేఅవుట్ తప్ప తెలీదు, గుర్తులు పెడితే కీలు మారిపోయే ప్రమాదం ఉంది
3. రీబూట్ చేసి స్క్రీన్ ముందునుంచి లేవకండి
4. నీలం స్క్రీన్ వచ్చి ఏదైనా కీ నొక్కమంటుంది, పది సెకన్లే టైం
5. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్, ఈ వరసలో

నాలుగో స్టెప్పు దగ్గర ఆ పది సెకన్లూ దాటిపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, మన అభ్యర్థన కూడా చెరిగిపోతుంది, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలి. ఆ నీలం రంగు చూసి మెషీన్ పాడైందని పవర్ బటన్ నొక్కేవాళ్లూ ఉంటారు, అది పాడవడం కాదు, మనం అడిగిందే.

బూట్ అయ్యాక మోడ్‌ఇన్ఫో -ఎఫ్ సైనర్ డబ్ల్యూఎల్ కొడితే సంతకం ఎవరిదో వస్తుంది, ఖాళీగా వస్తే డీకేఎంఎస్‌తో మళ్లీ బిల్డ్ చేయించాలి. నాకు డీకేఎంఎస్ కీ పేరే వచ్చింది. మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ ఈసారి ఏమీ అనలేదు. డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల జాబితాలో) "మాడ్యూల్ లైసెన్స్ మిక్స్‌డ్/ప్రొప్రైటరీ టెయింట్స్ కెర్నెల్" అని ఒక లైన్ పడింది, అది ఎర్రర్ కాదు, మూసిన కోడ్ లోపలికి వచ్చిందని కెర్నెల్ రాసిపెట్టుకుంటుందంతే.

ఎల్ఎస్‌పీసీఐలో డ్రైవర్ ఇన్ యూజ్: డబ్ల్యూఎల్. బీసీఎంఏ, బీ43, ఎస్ఎస్‌బీ లాంటివి అడ్డం రాకుండా ప్యాకేజీయే /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి లో ఒక బ్లాక్‌లిస్ట్ ఫైల్ పెడుతుంది, అది చేత్తో రాయక్కర్లేదు. ఆ జాబితాలో బీ44 కూడా ఉంటుంది, అది కొన్ని పాత మెషీన్లలో కేబుల్ నెట్‌వర్క్ డ్రైవర్, అందుకని బాగా పాత ల్యాప్‌టాప్‌లో ఇది వేశాక వైర్డ్ నెట్ పోతే ఆ ఫైల్ తెరిచి చూడండి.

మెనూలో వైఫై లైన్ వచ్చింది. నెట్‌వర్కుల జాబితా కూడా వచ్చింది.

దశ 6: పాస్‌వర్డ్ సరైనదే, అయినా మళ్లీ అడుగుతోంది

జాబితాలో పేరు కనబడుతోంది, పాస్‌వర్డ్ ఇస్తున్నా, కాసేపు తిరుగుతుంది, మళ్లీ పాస్‌వర్డ్ బాక్స్. ఫోన్‌లో అదే పాస్‌వర్డ్ పనిచేస్తోంది కాబట్టి పాస్‌వర్డ్ తప్పు కాదు. అనుమానితులు ఇద్దరు, ఒక్కొక్కర్నే పట్టుకోవాలి, రెండూ ఒకేసారి మారిస్తే దొంగెవరో తేలదు.

మొదటిది నెట్‌వర్క్‌మేనేజర్ (కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) స్కాన్ చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్‌ని (కార్డు గుర్తింపు నంబర్) మార్చి మార్చి వాడే పద్ధతి. ప్రైవసీకి మంచిదే, కానీ కొన్ని డ్రైవర్లకి ఇది పడదు.

1. /ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డి లో ఒక కొత్త ఫైల్, పేరు ఏదైనా, చివర .కాన్ఫ్ ఉండాలి
2. మొదటి లైన్ చదరపు బ్రాకెట్లలో డివైస్
3. రెండో లైన్ వైఫై.స్కాన్-ర్యాండ్-మ్యాక్-అడ్రస్=నో
4. సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్

ఫలితం: ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అయింది, ఇంటి రౌటర్‌కి మాత్రం కాలేదు. అంటే సగం సమస్య తీరింది, ఇంకో సగం రౌటర్ వైపు ఉంది. రౌటర్ పేజీలో చూస్తే సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 (కొత్త వైఫై భద్రతా పద్ధతి) ఒక్కటే అని ఉంది. డబ్ల్యూపీఏ2 కి (ఏఈఎస్ తో) మార్చా, మార్చిన నిమిషంలోనే ఐపీ వచ్చేసింది. రెండూ కలిపిన మిక్స్‌డ్ మోడ్ కూడా పెట్టి చూశా, ఒకసారి పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకోదు, అందుకని దాన్ని వదిలేశా. ఇది పూర్తిగా నచ్చిన పరిష్కారం కాదు, కొత్త మెషీన్ల కోసం డబ్ల్యూపీఏ3 ఉంచాలనుకుంటే రౌటర్లో రెండో పేరుతో ఇంకో నెట్‌వర్క్ తెరిచి పాత ల్యాప్‌టాప్‌ని దానికి కట్టేయడం మంచిది, నేను చివరికి అలాగే పెట్టా.

ఇదే దశలో ఇంకో సంగతి: రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు ఈ కార్డుకి ఎప్పటికీ కనబడదు. 43142 ది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, అది హార్డ్‌వేర్ పరిమితి, సెట్టింగ్‌లతో మారేది కాదు.

ఇప్పటికి లెక్క: సమయం అయిదు గంటల దాకా. మార్చిన ఫైళ్లు: సోర్సెస్.లిస్ట్, నెట్‌వర్క్‌మేనేజర్ ఫైల్ ఒకటి. వైఫై ఉంది!

దశ 7: ఉంది గానీ నత్తనడక, కొలతలు

పేజీలు తెరుచుకుంటున్నాయి గానీ ప్రతి క్లిక్‌కీ ఒక క్షణం ఆగి కదులుతోంది. స్పీడ్ టెస్ట్ సైట్లతో ఇది తేలదు, వాటిలో బయటి ఇంటర్నెట్ కూడా కలిసిపోతుంది. రౌటర్ దాకా మాత్రమే కొలవాలి. నేను రెండు కొలతలు పెట్టుకున్నా: రౌటర్‌కి వంద పింగులు (చిన్న సందేశం వెళ్లి తిరిగొచ్చే సమయం), ఇంకా కేబుల్‌తో రౌటర్‌కి కట్టిన మరో కంప్యూటర్‌కి ఐపెర్ఫ్3 (వేగం కొలిచే ప్రోగ్రామ్) తో ముప్పై సెకన్లు. ల్యాప్‌టాప్ బల్ల మీద ఒకే చోట, సిగ్నల్ మైనస్ 57 డీబీఎం దగ్గర.

మొదటి కొలత: పింగ్ సగటు 41 మిల్లీసెకన్లు, గరిష్ఠం 230. ఐపెర్ఫ్ 22 ఎంబీపీఎస్.

సిగ్నల్ అంత బాగుండి పింగ్ ఇలా ఎగిరెగిరి పడుతోందంటే ముందు అనుమానించాల్సింది పవర్ సేవింగ్. కార్డు కునుకు తీస్తూ మధ్యమధ్యలో లేచి చూసుకుంటుంది. నెట్‌వర్క్‌మేనేజర్ ఫైల్లోనే ఇంకో విభాగం చేర్చా: బ్రాకెట్లలో కనెక్షన్, కింద వైఫై.పవర్‌సేవ్ = 2. ఇక్కడ 2 అంటే ఆపు, 3 అంటే ఆన్ చెయ్యి, చాలామంది 0 పెడతారు గానీ 0 అంటే డిఫాల్ట్‌కి వదిలేయ్ అని.

రెండో కొలత: పింగ్ సగటు 3.4, గరిష్ఠం 19. ఐపెర్ఫ్ 41.

ఇంకా పెంచొచ్చా అంటే లెక్క వేసుకోవాలి. ఈ కార్డుది ఒకటే స్ట్రీమ్, 20 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద దీని గరిష్ఠ లింక్ రేటు 72.2 ఎంబీపీఎస్, అందులో నిజంగా చేతికొచ్చేది సగం, కాస్త పైన. అంటే 41 అనేది బాగా దగ్గరికి వచ్చినట్టే. 40 మెగాహెర్ట్జ్ పెడితే 150 అని చూపిస్తుంది, కానీ చుట్టూ వేరే రౌటర్లు ఉన్నచోట 2.4 లో అంత వెడల్పు తీసుకుంటే ఒకరి మీద ఒకరు పడిపోవడం తప్ప ఒరిగేదేం లేదు. ఛానెల్ మాత్రం 1, 6, 11 లో ఖాళీగా ఉన్నదానికి మార్చా, నాకు 11 దొరికింది, ఐపెర్ఫ్ 44 కి వచ్చింది.

బాగుందని కూర్చుంటే ఒక సాయంత్రం ఉన్నట్టుండి 15 కి పడిపోయింది. సెట్టింగులేవీ మార్చలేదు, సిగ్నల్ అంతే ఉంది. మారింది ఒక్కటే, బ్యాకప్ కోసం ఎడమ పోర్టుకి యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ తగిలించి ఉంది. డిస్క్ తీస్తే 43, పెడితే 16, అటూ ఇటూ మార్చి చూస్తే ప్రతిసారీ అదే. యూఎస్‌బీ 3 డేటా నడుస్తున్నప్పుడు దాని కేబుల్, కనెక్టర్ నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ పడుతుంది, దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక సాంకేతిక పత్రం వేసింది. డిస్క్‌ని కుడి పోర్టుకి మార్చి, పొట్టి కేబుల్ తీసి మంచి షీల్డ్ ఉన్న పొడుగు కేబుల్ వేసి, డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి మూరెడు దూరంగా పెట్టా: 38. కుడి పోర్టు యూఎస్‌బీ 2 అయితే సమస్యే ఉండేది కాదు గానీ బ్యాకప్ తెల్లారేదాకా నడిచేది.

దశ 8: మూత మూసి తెరిస్తే

మూత మూసి తెరిచాక ఒక్కోసారి వైఫై లైన్ ఉంటుంది, జాబితా ఖాళీగా ఉంటుంది. చేత్తో అయితే మోడ్‌ప్రోబ్ -ఆర్ డబ్ల్యూఎల్, తర్వాత మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ కొడితే తిరిగొస్తుంది. ప్రతిసారీ కొట్టలేం కాబట్టి:

1. /యూఎస్ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్ ఫోల్డర్లో ఒక చిన్న షెల్ స్క్రిప్ట్
2. మొదటి ఆర్గ్యుమెంట్ ప్రీ అయితే డబ్ల్యూఎల్ తీసెయ్యాలి, పోస్ట్ అయితే మళ్లీ ఎక్కించాలి
3. సీహెచ్‌మోడ్ +ఎక్స్ తో నడిచే అనుమతి ఇవ్వాలి, ఇది లేకపోతే స్క్రిప్ట్ ఉన్నా సిస్టమ్‌డీ దాన్ని ముట్టుకోదు, ఎర్రర్ కూడా చెప్పదు

అప్పట్నుంచి మూత తెరిచిన అయిదారు సెకన్లలో కనెక్ట్ అవుతోంది. అంతకంటే తొందరగా రావడానికి ప్రయత్నించలేదు, అవసరం లేదు.

దశ 9: కెర్నెల్ మారినప్పుడు

డబ్ల్యూఎల్ అసలు కోడ్ 2015 నాటిది, 6.30.223.271 తర్వాత కొత్తది రాలేదు, కొత్త కెర్నెల్స్‌కి సరిపోయేలా డిస్ట్రోల (డెబియన్ లాంటి లినక్స్ రకాల) వాళ్లే ప్యాచ్‌లు వేసుకుంటూ వస్తున్నారు. కాబట్టి డెబియన్ 12 సొంత 6.1 కెర్నెల్ అప్‌డేట్లతో ఇబ్బంది రాలేదు, డీకేఎంఎస్ తనే కట్టి సంతకం పెట్టేసుకుంది. బ్యాక్‌పోర్ట్స్ (కొత్త వెర్షన్ ప్యాకేజీలు ఇచ్చే డెబియన్ విభాగం) నుంచి ఇంకా కొత్త కెర్నెల్ తెచ్చి చూస్తే బిల్డ్ మధ్యలో ఆగిపోయింది, మేక్.లాగ్‌లో ఒక ఫంక్షన్ పేరు మీద ఎర్రర్. గ్రబ్‌లో (బూట్ మెనూలో) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోంచి పాత 6.1 ఎంచుకుని బూట్ చేస్తే వైఫై మామూలుగా వచ్చింది, ఆ కొత్త కెర్నెల్ తీసేశా.

కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన రోజు నేను చేసేది:

1. రీబూట్ చేసే ముందే డీకేఎంఎస్ స్టేటస్‌లో కొత్త కెర్నెల్ నంబర్ పక్కన ఇన్‌స్టాల్డ్ ఉందో లేదో చూడటం
2. లేకపోతే లినక్స్-హెడర్స్ ఆ నంబర్‌ది దిగిందో లేదో చూసి డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టడం
3. ఆప్ట్ ఆటోరిమూవ్‌ని (అక్కర్లేని పాత ప్యాకేజీలు తీసేసేది) వెంటనే కొట్టకపోవడం, పనిచేసే పాత కెర్నెల్ ఒకటి గ్రబ్‌లో మిగిలి ఉండాలి

మొత్తం లెక్క: కూర్చున్న సమయం ఎనిమిది తొమ్మిది గంటలు, ఇప్పుడు తెలిసినదాంతో మళ్లీ చేస్తే గంట లోపే. వేసిన ప్యాకేజీలు: హెడర్లు, బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్, కొలతలకి ఐపెర్ఫ్3. చేత్తో రాసిన ఫైళ్లు: నెట్‌వర్క్‌మేనేజర్‌ది, స్లీప్ స్క్రిప్ట్. పింగ్ 41 నుంచి 3.4 కి, ఐపెర్ఫ్ 22 నుంచి 44 కి.

మిగిలినది: బ్లూటూత్. అది ఇదే కార్డు మీద ఉంది గానీ యూఎస్‌బీ దారిలో కనెక్ట్ అయి ఉంటుంది, ఎల్ఎస్‌పీసీఐలో కాదు, ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనబడుతుంది. డీమెసేజ్‌లో బీసీఎం43142ఏ0 పేరుతో .హెచ్‌సీడీ ప్యాచ్ ఫైల్ దొరకలేదని చెప్తోంది, ఆ పేరు చివర ఉన్న నంబర్ ఎల్ఎస్‌యూఎస్‌బీ నంబర్‌తో సరిపోయేలా ఫైల్ కావాలి, /లిబ్/ఫర్మ్‌వేర్/బీఆర్‌సీఎం లో పెట్టాలి. అది దొరికి హెడ్‌సెట్ కలిస్తే దశ 10 రాస్తా, అప్పుడు హెడ్‌సెట్ ఆన్‌లో ఉండగా ఐపెర్ఫ్ ఎంతకి పడుతుందో కూడా కొలవాలి, రెండూ ఒకే బ్యాండ్ మీద కొట్టుకుంటాయి కాబట్టి.